రెండు జానల పడవకు ఏ ఇంజను?

ముందుగా ఒట్టు

ఇందులో రాయబోయే ప్రతి మాటా నిజం. ఉత్తినే అనడం లేదు, ప్రమాణం చేసి అంటున్నాను. మొదట మా ఇంటావిడ సువర్ణ నెత్తిన చేయి పెట్టి ప్రమాణం చేద్దామనుకున్నాను. "నీ మాటల మీద నా పాణం పెట్టకు, నాకింక చూసేటివి శానా ఉన్నయి" అని తల పక్కకు తీసుకుంది. అందుకని తిన్న అన్నం మీద, పట్టిన పానా మీద, ఇరవై ఎనిమిదేళ్లు ఇంజన్లు ఎత్తిన ఈ నడుము మీద ఒట్టు.

రిటైరయ్యానంటే తెల్లజుట్టూ పెన్షనూ ఉన్న పెద్దమనిషినని అనుకోకండి. నాకు యాభై మూడు. రిటైరైంది నా నడుము. దాని వెంట నేనూ ఇంటికి రావలసి వచ్చింది. డాక్టరు బరువులు ఎత్తొద్దన్నాడు, ఎక్కువసేపు కూర్చోవద్దన్నాడు, ఎక్కువసేపు నిలబడొద్దన్నాడు. ఇక మిగిలింది నడవడమే. పొద్దున అశోక్ నగర్‌లో బయలుదేరి నారాయణగూడ ఫ్లైఓవర్ దాకా పోతాను, చిక్కడపల్లి మీదుగా తిరిగొస్తాను, గుమ్మంలో చెప్పులు విడుస్తాను, మళ్లీ వేసుకుంటాను. ఈ రాత కూడా అట్లాగే సాగుతోంది. ఒక పేరా రాసి వీధి చివరిదాకా పోయి వస్తున్నాను. ఎక్కడైనా అతుకు కనిపిస్తే అది నేను చెప్పులు వేసుకున్న చోటని సర్దుకోండి.

మా షాపులో నా చోటికి కొత్తవాళ్లు వచ్చారు. ఫోనులో ఇంజను లోపలి బొమ్మను అటూ ఇటూ తిప్పి చూపించగల తెలివైనవాళ్లు. వాళ్లకు ఎవరూ చెప్పని రెండు మూడు సంగతులున్నాయి. జీతాలు, ఇంక్రిమెంట్లు నాకు గుర్తు లేవు, ఉన్నా చెప్పుకునేంత లేవు. గుర్తున్నవి ఇవి.

సముద్రం లేని ఊళ్లో

చిక్కడపల్లిలో లైబ్రరీ వెనక సందులో మా షాపు. ముందు భాగంలో బోరు మోటార్లు, పంపుసెట్లు. వెనక భాగంలో, మధ్యాహ్నం కూడా లైటు వేస్తే తప్ప కనపడని చోట, దూలానికి వరసగా తగిలించిన పడవ ఇంజన్లు. సామాను దించడానికి వచ్చిన ప్రతి ఆటో అతనూ అడిగేవాడు: "అన్నా, హైదరాబాద్‌ల సముద్రం ఎప్పుడొచ్చిందే?"

సముద్రం రాలేదు. కానీ చెరువులున్నాయి, ప్రాజెక్టుల వెనక నిలిచిన నీళ్లున్నాయి, కృష్ణ ఉంది. వాటిమీద చేపలు పట్టేవాళ్లూ జనాన్ని దాటించేవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఇంజను చచ్చిపోతే కొత్తదానికోసం బస్సెక్కి మా సందులోకే వచ్చేవాళ్లు.

తెలియనివాళ్లకు చెబుతున్నాను. ఇది పడవ లోపల ఉండే ఇంజను కాదు. పడవ వెనక పలకకు బయటినుంచి తగిలించేది. పైన తల, కింద పొడుగాటి కాలు, కాలి చివర పంకా. కొనడానికి వచ్చినవాళ్లంతా తల గురించే అడుగుతారు. ఎన్ని హార్స్ పవర్? ఎంత స్పీడు? కాలు సంగతి ఎవరికీ పట్టదు. ఈ వృత్తిలో నాకు తగిలిన దెబ్బలన్నీ కాలి దగ్గరే తగిలాయి.

మా సేటు పేరు విఠల్ గారు. ఎత్తు స్టూలు మీద కూర్చుని, చాయ్ సాసర్లో పోసుకుని, షాపు మొత్తాన్ని సాసరు అంచు మీదుగా చూసేవారు. పని బాగా చేస్తే ఏమీ అనరు. చెడగొడితే అప్పుడు మాట్లాడతారు. అందువల్ల ఆయన గొంతు నాకు బాగా పరిచయం.

నేను చేరిన కొత్తల్లో పాలమూరు వైపు కృష్ణ ఒడ్డునుంచి ఒకాయన వచ్చాడు. మీసాలు చూస్తేనే పది హార్స్ పవర్ ఉంటాయి. "ఉన్నదాంట్ల పెద్దది తియ్" అన్నాడు. తీశాను. ఎత్తుకుపోయాడు. వారం తిరక్కముందే మళ్లీ వచ్చాడు, ఒక పక్కకు ఒరిగి నడుస్తూ.

జరిగిందేమిటంటే ఆయనది పడవ కాదు, పుట్టి. వెదురు అల్లి, కింద టార్పాలిన్ వేసి తారు పూసిన గుండ్రటి బుట్ట. దానికి ముందూ లేదు, వెనకా లేదు. ఎక్కడ తగిలించినా అదే వెనక. ఒక అంచుకు తాళ్లతో కట్టి, ఇంజను స్టార్టయ్యే తాడు లాగాడట. పుట్టి ఉన్నచోటే గిర్రున తిరగడం మొదలుపెట్టింది. ఆపడం ఎట్లాగో ఆయనకు తెలియదు, నేను చెప్పలేదు. పొద్దున మొదలైన తిరుగుడు పెట్రోలు అయిపోయేదాకా ఆగలేదు. ఒడ్డున జనం పోగయ్యారు, పల్లీలు అమ్మేవాడు కూడా వచ్చాడు. చివరికి దిగి, నేలమీద కూడా నాలుగు చుట్లు తిరిగి పడ్డాడట. మా షాపులో నన్ను కొట్టడానికి చేయి ఎత్తితే ఆ చేయి నా పక్కనున్న పంపుసెట్టుకు తగిలింది. గురి ఇంకా కుదరలేదు పాపం.

ఆయన్ను కూర్చోబెట్టి, చాయ్ తాగించి, ఇంజను వెనక్కి తీసుకుని పంపించాక సేటు నన్ను పిలిచారు.

"పడవ ఏం పడవ అని అడిగినవా?"

"లేదు సేటు. ఎంత పవర్ కావాలె అని అడిగిన."

"సంబంధం చూడనీకి పోయి, పిలగాని జీతం అడిగి, పిల్ల ఎవరో అడగకుంట వచ్చినట్టున్నది."

ఆ రోజునుంచి కౌంటరు దగ్గరికి ఎవరొచ్చినా నేను ఇంజను చూపించలేదు. ముందు వాళ్ల పడవను నా ముందు నిలబెట్టమన్నాను. పొడుగెంత, అడుగు చదునా కోసా, ఎంతమంది ఎక్కుతారు, నీళ్లకింద బురదా బండా. కొందరు విసుక్కుని వెళ్లిపోయారు. వెళ్లనివ్వండి. చెప్పడానికి ఓపిక లేనివాడికి అమ్మితే ఆ ఇంజను మళ్లీ మన గుమ్మంలోకే వస్తుంది.

స్కూటరు తేలిన రోజు

ఇది నమ్మడం కష్టం. అన్నం మీద ఒట్టు వేశానని మరోసారి గుర్తుచేస్తున్నాను.

ఒక వానాకాలం దోమలగూడలో ఒకరికి చిన్న ఇంజను ఇవ్వాలి. స్కూటరు వెనక స్టాండుకు నిలువుగా బిగించాను, పంకా కిందికి. షాపువి ఖాళీ నీళ్ల డబ్బాలు కూడా మార్చుకు రావాలని రెండు పక్కలా కట్టుకున్నాను. అశోక్ నగర్ దాటుతుండగా వాన పట్టింది. అదేం వానో, మురుగు నాలా పొంగి రోడ్డుమీదికి వచ్చింది. మోకాలిదాకా, సీటుదాకా. స్కూటరు ఆగిపోయింది. ఆగి, మెల్లగా తేలింది. ఖాళీ డబ్బాల మహిమ.

ఏం చేయాలో తోచక వెనక్కి తిరిగి పడవ ఇంజను తాడు లాగాను. భూమి దద్దరిల్లేట్టు అరిచింది. స్కూటరు మాత్రం అంగుళం కదలలేదు. పంకా సగం నీళ్లలో, సగం గాలిలో. నీళ్లకు బదులు గాలిని చిలుకుతోంది. అప్పుడే చాయ్ బండి మల్లేశన్న, మా వీధిలో అందరికంటే బరువైన మనిషి, "అన్నా జర ఆగు, నన్ను గూడ దించు" అంటూ వెనక ఎక్కాడు. ఆయన బరువుకు స్కూటరు వెనక భాగం జానెడు దిగింది. పంకా పూర్తిగా మునిగింది. అంతే! బాణం లాగా పోయాం. చిక్కడపల్లి చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబుల్ నడుము లోతు నీళ్లలో నిలబడి చేయి అడ్డం పెట్టాడు.

"హెల్మెట్ ఏది?" అన్నాడు.

కొత్తవాళ్లు నవ్వుకున్నాక ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. కాలు పొట్టిదైతే పంకా గాలిని కొడుతుంది, ఇంజను అరుస్తుంది, పడవ కదలదు. ఇంకా ఘోరం ఏమిటంటే, ఇంజనును చల్లబరిచే నీళ్లు కూడా ఆ కాలిగుండానే ఎక్కుతాయి. గాలి పీలిస్తే వేడెక్కి కాసేపట్లో పట్టేస్తుంది. కాలు పొడుగైతే ఇంజను బతుకుతుంది కానీ కింద ఈడుస్తుంది, బండకు తగిలితే విరుగుతుంది. కాళ్లు రెండే రకాలు చేస్తారు. పదిహేను అంగుళాల పలకకు పొట్టిది, ఇరవై అంగుళాల పలకకు పొడుగుది. నడుమ ఉన్నవాళ్ల సంగతి కంపెనీవాళ్లు ఆలోచించలేదు.

చంద్రమ్మ

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయడానికి కూర్చుని ఇప్పటికే ఇంటి చుట్టూ తిరిగి వచ్చాను. నేను మానేయడానికి రెండేళ్ల ముందు, పత్తి ఏరే కాలం మొదలవుతుండగా జరిగింది.

ఒక మధ్యాహ్నం ఒకామె షాపులోకి వచ్చింది. నలభైలోపు ఉంటుంది. చీరకొంగు నిండా సిమెంటు. అశోక్ నగర్‌లో పోటీ పరీక్షల పిల్లలకోసం ఒక హాస్టలు కడుతున్నారు, అక్కడ ఇటుకలు మోస్తోంది. పేరు చంద్రమ్మ. సొంతూరు కృష్ణ ఒడ్డు. భర్త కుర్మయ్య, అత్త అక్కడే ఉంటారు. వెంట ఆమె తమ్ముడు యాదయ్య వచ్చాడు. చిన్న వ్యాను నడుపుతాడు.

"సారు, పడవకు ఇంజను కావాలె. ఎనిమిది పవర్‌ది."

"ఎనిమిదేందక్కా, పదిహేను తీసుకో" అన్నాడు తమ్ముడు. "ఊరంత సూడాలె."

"ఊరు సూసుడు గాదురా, పడవ ఎనకకు కూలవడ్తది. మొగడు చెప్పిండు, నువ్వు నోరు మూసుకో."

నాకు ఆమె నచ్చింది. అడగాల్సినవన్నీ అడిగాను. ఫైబరు పడవ, అడుగు చదును, ఎనిమిది మంది కూర్చుంటారు, ఊరివాళ్లను అవతలి ఒడ్డు పొలాలకు దాటిస్తారు. పాత ఇంజను కాలు బండకు తగిలి విరిగింది, అతుకు వేయించారు, మళ్లీ విరిగింది, పాత సామానుకు వేశారు. అప్పటినుంచి కుర్మయ్య తెడ్డు వేస్తున్నాడు, ఆమె ఇక్కడ ఇటుకలు మోస్తోంది. కుళ్లిన వెనక పలక తీసేసి మొన్న వేసవిలో కొత్తది బిగించారు.

"అంత తొందరేందక్కా? రెండు దినాలు ఆగితే నేనే ఎవరినైనా పంపి కొలిపిస్త."

"ఆగుడు ఉండది సారు. మా ఒడ్డున ఒక రివాజు ఉన్నది. పత్తి ఏరుడు మొదలైన నాడు జనం ఏ పడవ ఎక్కితే, ఆ పత్తి అయ్యేదాక అదే పడవ. నడుమ మార్చరు. రెండేండ్లసంది అవతలోని పడవనే ఎక్కుతున్నరు, ఆనికి ఇంజనుంది. ఎల్లుండి పొద్దుగాల మొదలు. మా తమ్ముని బండి ఈ దినం పొయ్యేదే."

దూలానికి వేలాడే ఇంజన్ల వంక చూసి అంది: "ఇది నడిస్తే మళ్ల ఇటుక ముట్ట. నడవకుంటే నా బతుకంత గీ మోసుడే. మళ్లొకటి కొనుడు నాతోని కాదు."

ఎవరి జాన?

"వెనక పలక ఎత్తు ఎంతక్కా?"

"రెండు జానలు. పొద్దుగాల ఫోన్ చేసి కొలువుమన్న."

సేటు స్టూలు మీదనుంచే చేయి చాపి కౌంటరు మీద రెండు జానలు వేశారు. నేనూ వేశాను. ఆయనదానికీ నాదానికీ రెండు వేళ్ల తేడా వచ్చింది. యాదయ్య వేశాడు, అతనిది ఇంకోచోట తేలింది. టేపు పెట్టి చూశాను. చిన్న చేయి వేసిన రెండు జానలు పదిహేను అంగుళాలు, పెద్ద చేయి వేసిన రెండు జానలు ఇరవై. సరిగ్గా పొట్టి కాలూ, సరిగ్గా పొడుగు కాలూ!

"ఎవరి జాన అక్కా?"

"మా ఆయన్నే కొలువుమన్న."

"ఆయన చెయ్యి ఎంతుంటది?"

"చాటంత."

"ఇగ ఏందిరా ఆలోచన" అన్నారు సేటు. "పొడుగు కాలు కట్టు."

పొడుగు కాలిదాన్ని కిందికి దించాను. తాళ్లు తెచ్చాను. ఒక ముడి వేశాను. రెండో ముడి వేయలేకపోయాను. కొలవమన్నది ఆయన్ని, సరే. కొలిచింది ఆయనేనా?

"అక్కా, ఫోన్ల జవాబు చెప్పింది ఎవరు?"

"గాలి సప్పుడు సారు. 'రెండు జానలు' అని ఒక్క మాట ఇనవడ్డది, ఫోన్ కట్టయింది."

"ఇంట్ల ఇంకెవరుంటరు?"

"మా అత్త."

"ఆమె చెయ్యి?"

చంద్రమ్మ తన అరచేయి చూసుకుని, వేళ్లు సగం ముడిచి చూపించింది. "పిట్ట కాలంత."

కుర్మయ్యకు ఫోను చేశాం. అందుబాటులో లేరన్నది. మళ్లీ చేశాం. మళ్లీ అదే. వాళ్ల ఒడ్డున సిగ్నలు దొరకాలంటే గుట్ట ఎక్కాలట. యాదయ్య గడియారం చూసుకుంటున్నాడు. నేను షాపు ముందుకూ వెనక్కూ నడుస్తున్నాను.

"సేటు, పొడుగుది పంపితే మళ్ల బండకు తగుల్తది."

"పొట్టిది పంపితే?" అన్నారాయన. "పలక ఇరవై ఉంటే? గాలి గుంజి కాలిపోతది. విరిగిన కాలు అతుకుతది, కాలిన తల అతుకుతదా?"

సేటు మాట తప్పు కాదు. గోడౌన్లో పొడుగు కాలిది చాలాకాలంగా కదలకుండా ఉన్న మాట నిజమే, అది పోతే ఆయనకు హాయి. కానీ ఆయన చెప్పిన కారణం అందుకోసం అల్లింది కాదు. కొత్తవాళ్లు ఇది నేర్చుకోవాలి: యజమానికి లాభమున్నంతమాత్రాన ఆయన మాట అబద్ధమైపోదు. నిజమైపోదు కూడా.

ఐదు ఇటుకలు

"అక్కా, కొత్త పలక బిగించినంక నువ్వు ఊరికి పోయినవా?"

"దసరాకు పోయిన."

"పడవ ఒడ్డు మీదికి గుంజి ఉన్నప్పుడు ఆ పలక మీద కూసున్నవా?"

ఆమె నవ్వింది, మొదటిసారి. "కూసునుడే గద పని. పొద్దంత దానిమీదనే కూసోని వలల చేపలు ఏరిన."

"కాళ్లు నేలకు ఆనినయా?"

"ఆనినయి."

రెండు ఇంజన్లనూ ట్రాలీ ఆటోలో వేయించి, హాస్టలు కడుతున్న చోటికి బయలుదేరాం. నేను నడిచే పోయాను. ఆటోలో కూర్చుని సిగ్నలు దగ్గర ఆగడం ఆ రోజు నావల్ల కాదు. చంద్రమ్మ నాకంటే ముందు నడిచింది. పుస్తకాల సంచులు తగిలించుకున్న పిల్లలు ఫుట్‌పాత్ నిండా నిలబడి టిఫిన్లు తింటుంటే, వాళ్ల మధ్యనుంచి ఆమె నీళ్లలో చేపలాగా జారిపోయింది. మేం చేరేసరికి ఆటోలో ముందే వచ్చిన సేటు ఇటుకల కుప్ప పక్కన నిలబడి చెమట తుడుచుకుంటున్నారు. "ఏం తమాషా జేస్తవో చూద్దమని వచ్చిన" అన్నారు.

చదునుగా ఉన్నచోట ఇటుకలు ఒకదానిమీద ఒకటి పెట్టాను. నాలుగు.

"కూసో అక్కా. ఇది నీ పలక అనుకో."

కూర్చుని వెంటనే లేచింది. "ఊహూఁ. గుంతల కూసున్నట్టున్నది."

ఐదోది పెట్టాను. కూర్చుంది. కాళ్లు ముందుకు చాపింది, దగ్గరికి తెచ్చుకుంది. వంగి, లేని వలలోంచి లేని చేపను తీసి పక్కన పడేసింది. అట్లా రెండు చేపలు తీశాక తల ఎత్తి, "గిదే" అంది.

"ఊకె అనకు" అన్నారు సేటు. "ఇంకోటి పెట్టు సుదర్శన్."

ఆరోది పెట్టాను. కూర్చుంది. "మడిమెలు లేస్తున్నయి." ఏడోది పెడితే కాళ్లు గాలిలో ఊగాయి. మేస్త్రీ, పనివాళ్లు పని ఆపి చూస్తున్నారు. ఒకతను, "చంద్రమ్మకు కుర్చీ చేస్తున్నరా?" అన్నాడు. ఆమె చూపు చూసి మళ్లీ తాపీ అందుకున్నాడు.

రెండూ తీసేశాను. ఐదు ఇటుకల మీద టేపు పెట్టాను. పదిహేను అంగుళాలు, కాస్త అటూ ఇటూ.

"అయితే పొట్టి కాలు" అన్నాను.

"మరి చాటంత చెయ్యి?" అన్నారు సేటు. "మొగడు కొలిసిన కొలత ఇరవై. పెండ్లాం కూసున్న కొలత పదిహేను. నువ్వు ఎవరిని నమ్ముతవ్?"

ఫోను

యాదయ్య వ్యాను స్టార్టు చేసి హారను కొడుతున్నాడు. నా ముందు రెండు ఇంజన్లు. చంద్రమ్మ ఐదు ఇటుకల మీదనే కూర్చుంది, లేస్తే కొలత చెదిరిపోతుందన్నట్టు. సరిగ్గా అప్పుడు ఆమె ఫోను మోగింది. కుర్మయ్య. గుట్ట ఎక్కినట్టున్నాడు, గాలి హోరు. స్పీకరు పెట్టించాను.

"పొద్దుగాల పలక ఎవరు కొలిసిండ్రు?" అని అరిచింది.

"అవ్వ కొలిసింది. నేను వల తియ్యనీకి పోయిన. ఏమైంది?"

"ఏం గాలే. అత్త చెయ్యి సల్లగుండ!"

అందరం ఒక్కసారి నవ్వాం. మేస్త్రీ కూడా. సేటు నా భుజం మీద చేయి వేసి, "నువ్వు పట్టిందే కరెక్టు సుదర్శన్" అన్నారు. పొట్టి కాలిదాన్ని గోనెసంచుల్లో చుట్టి వ్యానులో పడుకోబెట్టాం. మొదటి గంట నెమ్మదిగా నడపమనీ, చల్లబరిచే నీళ్లు పక్క రంధ్రంలోంచి చిమ్ముతున్నాయో లేదో చూసుకోమనీ చెప్పాను. వ్యాను నారాయణగూడ వైపు మలుపు తిరిగేదాకా చూసి, హాయిగా షాపుకు పోయి, చాయ్ తాగాను.

కల్పించింది ఏదంటే

ఒట్టు వేశాను కాబట్టి ఇది కూడా రాయాలి. రాయకుండా వదిలేద్దామని నారాయణగూడ దాకా పోయి వచ్చాను. కుదరలేదు.

పుట్టి తిరిగింది. స్కూటరు తేలింది, కానిస్టేబుల్ హెల్మెట్ అడిగాడు. చంద్రమ్మ ఐదు ఇటుకల మీద కూర్చుంది. అవన్నీ అట్లాగే ఉంచండి.

ఆ ఫోను మాత్రం రాలేదు.

సేటు నా భుజం మీద చేయి వేయలేదు, ఆ మాట అనలేదు. నేను హాయిగా చాయ్ తాగలేదు. కుర్మయ్య చివరిదాకా అందుబాటులోకి రాలేదు. వ్యాను హారను ఆగలేదు. సేటు అన్నది ఇది: "నీ ఇష్టం. కాలిపోతే నువ్వే పొయ్యి ఆమెకు చెప్పు." అని మొహం పక్కకు తిప్పుకున్నారు. నేను చంద్రమ్మ వంక చూశాను. ఆమె ఇటుకల మీదనుంచి లేచి, కొంగు దులుపుకుని, "పొద్దంత కూసున్న పలక నాకెర్క లేదా సారు?" అంది. పొట్టి కాలిదాన్ని వ్యాను ఎక్కించాను. పలక కొలిచింది ఎవరి చేయో ఆ రోజు నాకు తెలియదు, ఈ రోజూ తెలియదు.

మా వృత్తిలో ఇంజను నడిస్తే ఎవరూ ఫోను చేయరు. ఆగితేనే చేస్తారు. పత్తి మొదలైన రోజు షాపు ఫోను మోగిన ప్రతిసారీ నేను లేచి నిలబడ్డాను. ఆ మర్నాడూ అంతే. చంద్రమ్మ చేయలేదు. నడుస్తోందనుకుందామంటే, చేయడానికి మొహం చెల్లక చేయలేదేమో. హాస్టలు కట్టేచోటికి పోయి, ఇటుకలు మోస్తున్న ఆడవాళ్ల మొహాలు చూసేవాణ్ని. తట్ట నీడలో మొహం కనపడకపోతే కనపడేదాకా నిలబడేవాణ్ని. ఒకసారి మేస్త్రీ నన్ను తరిమాడు కూడా. ఆ హాస్టలు పూర్తయింది, పిల్లలు చేరారు. నేను పక్క వీధిలో కట్టేచోటికి పోయి చూడడం మొదలుపెట్టాను. ఆ రోజుల్లోనే ఆ ఫోనును కల్పించుకున్నాను. మొదట నాకోసం, నిద్ర పట్టడానికి. తర్వాత సువర్ణకు చెప్పాను, తర్వాత షాపులో చెప్పాను. చెప్పగా చెప్పగా కుర్మయ్యకు గొంతు కూడా వచ్చింది.

తర్వాతి పత్తికి ముందు ఒకాయన షాపుకు వచ్చాడు. నల్లగా, పొడుగ్గా, తలకు తువ్వాలు. కౌంటరు మీద చేయి వేసి అన్నాడు.

"నా ఇంజను పాతవడ్డది. చంద్రమ్మకు ఇచ్చిండ్రట గద, గసొంటిదే నాకొకటి ఇయ్యుండ్రి."

పడవ సంగతి అడగాలి, పలక అడగాలి. ఏదీ గుర్తు రాలేదు.

"ఆమెది నడుస్తున్నదా?" అన్నాను.

ఆయన నన్ను కిందినుంచి పైకి చూసి, సేటు వైపు తిరిగాడు, షాపులో తెలివి ఉన్నది ఈయనకేనేమో అన్నట్టు.

"నడవకుంటే నేనెందుకొస్త సారు? పోయిన పత్తికి నా పడవల ఒక్కరు కాలు పెట్టలే."